ఎమ్మారై తీస్తే ఎక్కడెక్కడ పాకిందో తెలిసిపోతుందా అక్కా?

ఈసారి ఉత్తరం పల్నాడు వైపు ఒక చిన్న టౌను నుంచి వచ్చింది. నాలుగు కాగితాలు, రెండు వైపులా రాశారు, మధ్యలో రెండు చోట్ల సిరా చెదిరిపోయింది. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆవిడకి 42 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటారు. ఒక్కతే కూతురు, ఇంటర్ సెకండియర్. రెండేళ్ల కిందట కుడి రొమ్ములో నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలితే, సూది పరీక్ష చేసి ఫైబ్రోఅడినోమా, భయపడాల్సింది కాదు అన్నారట. నొప్పి లేదు కదా అని వదిలేశారు. మొన్న దసరాకి స్నానం చేస్తుంటే అది పెరిగినట్టు అనిపించింది. సంక్రాంతికల్లా బత్తాయి కన్నా పెద్దదైంది, పైన చర్మం నున్నగా సాగి నీలం నరాలు కనిపిస్తున్నాయి. పండగ వెళ్లాక సర్జన్‌కి చూపించారు. అల్ట్రాసౌండ్‌లో 9 సెం.మీ. అని, బైరాడ్స్ (గడ్డ మీద అనుమానం ఎంతో చెప్పే నంబరు) 4బి అని, చంకలో రెండు చిన్న బిళ్లలు ఉన్నాయని రాశారు. ముక్క పరీక్షలో "ఫిల్లోడిస్ ట్యూమర్, బార్డర్‌లైన్ అనిపిస్తోంది, గడ్డ మొత్తం తీసి చూశాకే తేల్చగలం" అని వచ్చింది. ఆ సర్జన్ బ్రెస్ట్ ఎమ్మారై, ఛాతీ సీటీ రాశారు. బంధువులు ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇవన్నీ ఎందుకు, నేరుగా ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ చేయించండి అన్నారు. ఇంట్లో బావగారు మాత్రం ముక్క తీసినందుకే అది రేగిపోయింది, ఇంక కత్తి పెడితే ఒళ్లంతా పాకుతుంది, తనకి తెలిసిన వైద్యుడు నలభై రోజులు ఆకు పసరు కట్టు కడితే గడ్డ కరిగిపోతుంది అంటున్నారు. భర్తని అడిగితే "అన్నయ్య అంత గట్టిగా చెప్పాక నేనేం అంటాను" అన్నారట.

ఇవి చాలవన్నట్టు, ఆవిడ పెద్దమ్మ కూతురికి రొమ్ము క్యాన్సర్ వచ్చి కీమోలతో జుట్టంతా ఊడిపోయి ఏడాది మంచం మీద ఉండటం ఈవిడ దగ్గరుండి చూశారు. పైగా మూసి ఉన్న చోటంటే చచ్చేంత భయం, చిన్నప్పుడు వడ్ల కొట్టు తలుపు పడిపోయి గంటసేపు చీకట్లో ఉండిపోయారట. కూతురికి పరీక్షలు దగ్గర పడ్డాయని ఇంకా ఏమీ చెప్పలేదు.

చివర్లో ఇలా అడిగారు: "ఆ ఎమ్మారై తీస్తే ఎక్కడెక్కడ పాకిందో తెలిసిపోతుందా అక్కా? తెలిసిపోతే నేను తట్టుకోగలనా? అది లేకుండా నేరుగా ఆపరేషన్ చేయించుకోకూడదా? లేకపోతే ముందు నలభై రోజులు కట్టు కట్టించుకుని చూడనా?"

చూడమ్మా, నేను చాలా ఏళ్లు స్కాన్ ఫిల్ములు చదివే పనిలోనే ఉన్నాను, అందుకే మీ చివరి ప్రశ్నల్లో మొదటిదాని దగ్గర ఆగిపోయాను. మీ భయమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. ఎమ్మారై అంటే ఒంట్లో ఎక్కడ ఏముందో అంతా బయటపెట్టేసే పరీక్ష అనుకుంటున్నారు. మీకు రాసింది అది కాదు. బ్రెస్ట్ ఎమ్మారై రెండు రొమ్ముల్నీ, వాటి వెనక ఛాతీ కండరాల్నీ, పక్కన చంకలో కొంత భాగాన్నీ చూపిస్తుంది. ఊపిరితిత్తుల్ని సరిగా చూపించదు, అక్కడ గాలి ఉంటుంది, ఊపిరికి కదులుతుంటాయి, ఆ మెషీన్‌కి అవి కష్టం. అందుకే మీ సర్జన్ పక్కనే ఛాతీ సీటీ కూడా రాశారు. ఆ చీటీ రాసినాయన ఆలోచించే రాశారని నాకు అనిపించింది.

మీ ఇంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఒక ముద్దయ్యాయి. ఈ గడ్డ ఏ జాతిది? ఉన్నచోట ఎంత మేర, ఎంత లోతు ఉంది? ఇక్కడి నుంచి దూరం వెళ్లిందా? మొదటిదానికి జవాబు ముక్క పరీక్ష చెప్తుంది, పూర్తి జవాబు ఆపరేషన్ తర్వాతే. రెండోదానికి ఎమ్మారై. మూడోదానికి ఛాతీ సీటీ. ఒకదాని జవాబు ఇంకోదాన్ని అడిగితే రాదు.

ఇక గడ్డ సంగతి. ఫిల్లోడిస్ అనేది అరుదైన గడ్డ, రొమ్ములో వచ్చే ట్యూమర్లు వంద ఉంటే అందులో ఒక్కటి కూడా ఉండదు. ఎక్కువగా నలభైల్లో ఉన్న ఆడవాళ్లకి వస్తుంది. 1838లో యోహానెస్ ముల్లర్ అనే జర్మన్ వైద్యుడు దీనికి పేరు పెట్టాడు, గ్రీకులో ఆకు అనే మాట నుంచి. గడ్డని కోసి చూస్తే క్యాబేజీని అడ్డంగా కోసినట్టు మడతలు మడతలుగా ఉంటుంది, ఆ మడతల మధ్య సన్నటి సందులు, కొన్నిచోట్ల నీళ్లు. ఆయన అప్పట్లో దాన్ని "సిస్టోసార్కోమా" అన్నాడు. క్యాన్సర్ రకాల్లో ఒకదాని పేరైన ఆ సార్కోమా అనే మాట ఇప్పటికీ కొన్ని పాత పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో కనిపించి మనుషుల్ని భయపెడుతుంది, కాబట్టి మీ తమ్ముడు గూగుల్‌లో చూసి చెప్పాడని రాసిన మాట మీద నిద్ర పాడుచేసుకోకండి. ఇప్పుడు దీన్ని మూడు రకాలుగా చెప్తారు: బినైన్ (క్యాన్సర్ కానిది), బార్డర్‌లైన్ (మధ్య రకం), మాలిగ్నెంట్ (క్యాన్సర్ రకం). అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చేది బినైనే. మీది మధ్య రకం అనిపిస్తోంది అన్నారు, తేలలేదు. సూదితో తీసిన సన్నటి ముక్కలు 9 సెం.మీ. గడ్డలో ఏదో ఒక మూలవి, పక్క మూలలో కణాలు ఇంకోలా ఉండొచ్చు. రెండేళ్ల కిందట ఫైబ్రోఅడినోమా అని రావడానికీ ఇదే కారణం కావచ్చు. ఆ రెండూ సూది పరీక్షలో అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, చాలామంది విషయంలో పొరపాటు పడేది ఇక్కడే. అప్పుడే తీయించుకోలేదే అని రాత్రులు మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నట్టు రాశారు. ఆ రోజు మీ చేతిలో ఉన్న కాగితం భయం లేదు అంది, మీరు ఆ కాగితాన్ని నమ్మారు. అందులో మీ తప్పు లేదు.

మీ పెద్దమ్మ కూతురి జబ్బు వేరు, మీది వేరు. ఆవిడకి వచ్చింది పాల నాళాల్లోనో, గ్రంథుల్లోనో పుట్టే మామూలు రొమ్ము క్యాన్సర్ అయి ఉంటుంది. అది చాలాసార్లు ముందు చంకలో బిళ్లల్లోకి వెళ్తుంది, దానికి కీమో, హార్మోన్ మాత్రలు ఉంటాయి. ఫిల్లోడిస్‌లో పెరిగేది వాటి మధ్య ఉండే పీచు లాంటి కణజాలం. అది దూరం వెళ్తే రక్తం ద్వారా వెళ్తుంది, ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి, కొన్నిసార్లు ఎముకల్లోకి. అలా వెళ్లేది దాదాపు మాలిగ్నెంట్ రకమే, బార్డర్‌లైన్‌లో చాలా అరుదు. చంక బిళ్లల్లోకి వెళ్లడం మరీ అరుదు. పెద్ద గడ్డ ఉన్నప్పుడూ, ముక్క తీశాకా బిళ్లలు కాస్త ఉబ్బడం మామూలే, రిపోర్టులో "రియాక్టివ్" అని రాస్తారు. ఈ జబ్బుకి మామూలుగా కీమో ఇవ్వరు. అసలు వైద్యం ఆపరేషనే, గడ్డ తీరుని బట్టి కొందరికి తర్వాత రేడియేషన్ పెడతారు. కాబట్టి మీరు పెద్దమ్మ కూతురి ఏడాదిని కళ్లముందు పెట్టుకుని మీ ఏడాదిని ఊహించుకోవద్దు.

ఇప్పుడు బావగారి మాట. ఆయన్ని తీసిపారేయను, ఎందుకంటే ఆ మాట ఊరికే పుట్టలేదు. కానీ ముందు మీ ఉత్తరంలోని తేదీలు మీరే చూసుకోండి. గడ్డ పెరిగింది దసరాకి చూశారు, సంక్రాంతికల్లా బత్తాయంత అయింది, ముక్క తీసింది పండగ వెళ్లాక. పెరిగింది కాబట్టి ముక్క తీశారు. ముక్క తీస్తే పెరగలేదు. ఇది బావగారికి గొడవ పడకుండా, క్యాలెండర్ ముందు పెట్టి చెప్పండి.

మరి "కత్తి పెడితే పాకింది" అని ఊళ్లల్లో అందరూ ఎందుకంటారు? వాళ్లు చూసింది నిజమే. ఫిల్లోడిస్‌ని మామూలు కొవ్వు గడ్డ అనుకుని, బఠాణీ గింజని తొక్కలోంచి వొలిచినట్టు గడ్డ వరకే వొలిచి తీసేస్తే, దాని అంచు బయట కంటికి కనపడని వేళ్లు మిగిలిపోతాయి. కొన్నాళ్లకి అదే చోట మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా పెద్దగా, ముందుకన్నా మొండిగా. నా ముందు బల్ల మీద అలాంటి ఫిల్ములు పరిచిన రోజులున్నాయి. ఒకే మనిషివి, మూడు ఆపరేషన్లు, ప్రతిసారీ మచ్చ కిందే గడ్డ. ఆవిడ చుట్టాలంతా కత్తినే తిట్టారు. తప్పు కత్తి పెట్టడంలో లేదమ్మా, చుట్టూ మంచి కండ కొంత కలిపి తీయకపోవడంలో ఉంది. ఆ కొంతనే మార్జిన్ అంటారు. బార్డర్‌లైన్, మాలిగ్నెంట్ గడ్డలకి చుట్టూ 1 సెం.మీ. దాకా మంచి భాగం కలిపి తీయడానికి చూస్తారు. అంటే మొదటి ఆపరేషనే కొలిచి చేయాలి. ఎమ్మారై అవసరం ఇక్కడ వస్తుంది.

అల్ట్రాసౌండ్ చేసేటప్పుడు మీ ఒంటి మీద పెట్టిన ఆ చిన్న పిడి వెడల్పు నాలుగైదు సెం.మీ. ఉంటుంది. 9 సెం.మీ. గడ్డ ఒక్క చూపులో దానిలో పట్టదు, ముక్కలు ముక్కలుగా చూసి కలిపి చెప్తారు. గడ్డ వెనక అంచు, అంటే ఛాతీ కండరం వైపు ఉన్నది, ఇంత పెద్ద గడ్డలో సరిగా కనపడకపోవచ్చు. ఎమ్మారైలో గడ్డ మొత్తం అన్ని వైపుల నుంచీ ఒకేసారి కనిపిస్తుంది. గడ్డకీ కండరానికీ మధ్య సన్నటి కొవ్వు పొర ఉంటుంది, ఫిల్ములో అది ఒక గీతలా కనపడుతుంది. ఆ గీత చెక్కుచెదరకుండా ఉంటే సర్జన్‌కి సగం టెన్షన్ పోయినట్టే. గీత చెరిగి, స్కాన్‌లో తేడా చూపించడానికి చేతికి మందు ఎక్కించాక కండరం కూడా మెరిస్తే కండరం కొంత కలిపి తీయాల్సి రావచ్చని ఆయన ముందే సిద్ధమవుతారు. అదే రొమ్ములో ఇంకో చిన్న గడ్డ ఉందా, ఎడమ వైపు ఏమైనా ఉందా, రొమ్ము ఉంచి గడ్డ మాత్రం తీయగలరా, మొత్తం తీయాలా, ఇవన్నీ ఆ కొలతల మీద తేలతాయి.

అది చేయలేని పని కూడా చెప్తాను, రిపోర్టు వచ్చాక మీరు బెదిరిపోకుండా. ఎమ్మారై చూసి ఇది బినైన్, ఇది మాలిగ్నెంట్ అని గట్టిగా చెప్పలేరు. ఊహించగలరు, అంతే. ఫిల్లోడిస్ గడ్డ రక్తాన్ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి బినైన్ అయినా మందు ఎక్కించగానే గబుక్కున మెరుస్తుంది. రిపోర్టులో "రాపిడ్ ఎన్‌హాన్స్‌మెంట్", "టైప్ 3 కర్వ్" లాంటి మాటలు, లోపల రక్తం చెమ్మ కనపడిందని, బైరాడ్స్ నంబరు పెరిగిందని రాయొచ్చు. ఆ కాగితం తీసుకుని బస్టాండులో కూర్చుని ఫోన్‌లో వెతక్కండి. కండరం గురించి రాసిన వాక్యం, ఎడమ రొమ్ము గురించి రాసిన వాక్యం, ఈ రెండూ చూడండి. మిగతావి సర్జన్ ముందు విప్పండి.

మీ ముందున్న దారులు ఒక్కోటిగా మాట్లాడుకుందాం.

ఎమ్మారై, ఛాతీ సీటీ రెండూ చేయించుకుని ఆపరేషన్‌కి వెళ్లడం ఒక దారి. దీనికి డబ్బు, ఒకటి రెండు వారాలు, ఆ మెషీన్‌లో అరగంట పడుతుంది. బదులుగా సర్జన్ చేతిలో కొలతలుంటాయి, రొమ్ము విషయంలో ఏం చేయబోతున్నారో మత్తు ఇవ్వకముందే మీకు తెలుస్తుంది.

ఎమ్మారై లేకుండా నేరుగా ఆపరేషన్ అడిగారు. అది కూడా తప్పు దారి కాదు. ఫిల్లోడిస్‌కి ఎమ్మారై తప్పనిసరి అని ఎక్కడా లేదు. గడ్డ చేత్తో పట్టుకుంటే కండరం మీద సులువుగా జరుగుతోంది, మొత్తం రొమ్ము తీయడం ఎలాగూ ఖాయం అని సర్జన్ అనుకుంటే ఎమ్మారై వల్ల మారేది పెద్దగా ఉండకపోవచ్చు. కాబట్టి ఆయన్ని సూటిగా అడగండి: "సార్, ఈ ఎమ్మారైలో ఏమొస్తే మీరు ఆపరేషన్ మారుస్తారు?" దీనికి ఆయన దగ్గర స్పష్టమైన జవాబుంటే తీయించుకోండి. మారేదేమీ లేదు, అలవాటుగా రాశాను అంటే మానేయొచ్చు. కానీ ఛాతీ సీటీ మాత్రం మానొద్దు, అది చిన్న పరీక్ష, నిమిషాల్లో అయిపోతుంది, మీరు నిజంగా భయపడుతున్న ప్రశ్నకి జవాబు దానిలోనే ఉంది.

పెట్ స్కాన్ గురించి నా మాట గట్టిగానే చెప్తాను. మీ పరిస్థితిలో మొదటి పరీక్షగా అది నాకు అవసరం అనిపించలేదు. ఖర్చు చాలా ఎక్కువ. బినైన్ గడ్డ కూడా అందులో వెలగొచ్చు, ఊపిరితిత్తుల్లో మరీ చిన్న మచ్చలైతే దానికన్నా మంచి సీటీయే బాగా చూపిస్తుంది. సీటీలో ఏదైనా అనుమానం వస్తే, లేదా గడ్డ తీశాక మాలిగ్నెంట్ అని తేలితే అప్పుడు ఆలోచించొచ్చు. పెద్ద పరీక్ష చేయిస్తేనే బాగా చూసుకున్నట్టు అని బంధువులు అనుకుంటారు. ఆ డబ్బు మీకు ఆపరేషన్ తర్వాత రెండు నెలలు మిషన్ తొక్కలేని రోజుల్లో పనికొస్తుంది.

ముక్క పరీక్ష మీద ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మీరు అడగలేదు గానీ నేను చెప్తున్నాను. ల్యాబ్‌లో మీ ముక్కల స్లైడ్లు, మైనం బ్లాకులు ఉంటాయి, అవి అడిగి తీసుకునే హక్కు మీకుంది. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో నాట్కో వాళ్లు కట్టించిన క్యాన్సర్ విభాగం మీకు దగ్గర, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. ముంబై టాటా మెమోరియల్‌లో స్లైడ్లు మళ్లీ చదివించుకునేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. ఇది స్కాన్లతో పాటే నడిపించుకోండి, దీని కోసం ఆపరేషన్ ఆపుకోవద్దు.

ఇక పసరు కట్టు. నలభై రోజులు. దసరా నుంచి సంక్రాంతికి ఎంత పెరిగిందో మీరే రాశారు, అదే లెక్కన నలభై రోజులకి ఎంతవుతుందో మీ చేత్తో జాకెట్ కొలత తీసుకున్నట్టు కొలుచుకోండి. చర్మం ఇప్పటికే సాగి నున్నగా అయింది. ఆ చర్మం మీద పసరు పెడితే పుండు పడొచ్చు, పడితే అది అంత సులువుగా మానదు, ఆపరేషన్‌లో చర్మం ఎక్కువ తీయాల్సి వస్తుంది, ఇవాళ రొమ్ము ఉంచగలిగే అవకాశం ఉంటే అప్పటికి పోవచ్చు. ఈ దారి ఎంచుకుంటే పోగొట్టుకునేది ఇదీ అని తెలిసి ఎంచుకోవాలి. బావగారి మనసు నొప్పించలేకపోతే ఆయన్ని సర్జన్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి, ఆయన ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి. పెద్దవాళ్లు చాలాసార్లు మనం చెప్తే వినరు, తెల్లకోటు ముందు కూర్చుంటే వింటారు. అప్పటికీ వినకపోతే, ఆపరేషన్ కాగితం మీద సంతకం మొదట మీది, ఆ తర్వాతే ఇంకెవరిదైనా.

మీ ఆయన గురించి ఒక్క మాట. "నేనేం అంటాను" అన్న మాటలో మీకు ఉదాసీనత వినిపించింది, నాకు భయం వినిపించింది. ఆయన రోడ్డు మీద ఉన్నప్పుడు ఫోన్‌లో కాకుండా, ఇంటికొచ్చిన రోజు రాత్రి అన్నం తిన్నాక పక్కన కూర్చుని ఒకే పని అడగండి: స్కాన్ రోజు ట్రిప్పు మానుకుని నా వెంట రా అని. నిర్ణయం చెప్పమని అడిగితే అన్నయ్య అడ్డొస్తారు, తోడు రమ్మంటే ఎవరూ అడ్డురారు.

ఇప్పుడు మెషీన్ భయం. వడ్ల కొట్టు సంగతి చదివాక ఇది దాటేయలేకపోయాను. బ్రెస్ట్ ఎమ్మారైకి వెల్లకిలా పడుకోబెట్టరు, బోర్లా పడుకోబెడతారు. బల్ల మీద రెండు గుంటల్లాంటి చట్రం ఉంటుంది, రొమ్ములు అందులోకి వేలాడతాయి, నుదురు ఒక మెత్త మీద ఆనుతుంది, చేతులు తల ముందుకి చాస్తారు. అంటే మీ కళ్ల ముందు సొరంగం పైకప్పు ఉండదు, కిందకి చూస్తుంటారు. రెండు వైపులా తెరిచే ఉంటుంది, గాలి ఆడుతుంది, చేతిలో ఒక రబ్బరు బంతి ఇస్తారు, నొక్కితే ఆపి బయటికి తీస్తారు. కొన్నిచోట్ల కాళ్లవైపు నుంచి లోపలికి పంపిస్తారు, అలా కుదురుతుందా అని అడగండి. శబ్దం మాత్రం గట్టిగా వస్తుంది, రేకు మీద సుత్తితో కొట్టినట్టు, మధ్యలో ఆగి మళ్లీ ఇంకో తీరుగా. చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు. ముందు రోజే డాక్టర్‌కి ఈ భయం చెప్తే ఆందోళన తగ్గడానికి చిన్న మాత్ర రాస్తారు, దాన్ని వేసుకుంటే తోడు మనిషి తప్పకుండా ఉండాలి. చేతికి సూది పెట్టి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు, చల్లగా పాకినట్టు ఉంటుంది. దానికి ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమంటే చేయించండి, కిడ్నీల కోసం. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ దీనిలో లేదు. నెలసరి ఏ రోజుల్లో ఉన్నారని అడుగుతారు, ఆ లెక్క కోసం మీరు వారాలు ఆగాల్సిన పని లేదు, గడ్డ ఉందని తెలిసే వెళ్తున్నారు. కాపర్-టీ ఉందని రాశారు, దానితో మామూలుగా ఇబ్బంది ఉండదు గానీ వాళ్లకి ముందే చెప్పండి.

మన ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది పుస్తెల తాడుకి వేలాడే పిన్నీసు. బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసుని లాగుతుంది. ఒకావిడ అన్నీ తీసి ఇచ్చేసి, పసుపు తాడుకి గుచ్చుకున్న పిన్నీసు మర్చిపోయి మెషీన్ దగ్గరికి వస్తే, ఆ తాడు మెడ నుంచి మెషీన్ వైపుకి తిన్నగా లేచి నిలబడటం నేను చూశాను. మా టెక్నీషియన్ అమ్మాయి గబుక్కున చేయి పట్టి వెనక్కి లాగింది. మెట్టెలు, ముక్కుపుడక, జడ పిన్నులు, జాకెట్ హుక్కులు అన్నీ తీసేయాలి. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే దారానికి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్లండి, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

మీ పనికి సంబంధించి సర్జన్‌ని ఒక మాట తప్పకుండా అడగాలి. మీరు కత్తెర పట్టేది, గుడ్డ తిప్పేది కుడి చేత్తోనే, గడ్డ కూడా కుడి వైపే. మామూలు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక బిళ్లలు తీస్తే కొందరికి చేయి వాస్తుంది. ఫిల్లోడిస్‌లో చంక బిళ్లలన్నీ తీయాల్సిన అవసరం మామూలుగా ఉండదు. ఆ రెండు బిళ్లల మీద అనుమానం ఉంటే ముందు వాటికి సూది పరీక్ష చేసి తేల్చుకోవచ్చు. "నేను కుట్టుపని చేసుకుని బతుకుతాను సార్, చంక ముట్టుకోవాల్సిన అవసరం నిజంగా ఉందా" అని అడగండి. ఇది అడిగితే ఆయన ఏమనుకుంటారో అని ఆగొద్దు, మీ చేయి మీ అన్నం.

ఖర్చు విషయం: కార్డు ఉందన్నారు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మీ వైపు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దానిలో క్యాన్సర్ ఆపరేషన్లు ఉన్నాయి. స్కాన్లకి చేతి డబ్బు పెట్టే ముందే ఆసుపత్రిలో ఆ పథకం బల్ల దగ్గరికి వెళ్లి, ఆపరేషన్ ముందు పరీక్షలు ప్యాకేజీలో కలుస్తాయా అని అడగండి. ముందు బయట చేయించేసుకుని తర్వాత బిల్లులు పట్టుకుని తిరగడం చాలామందికి అనుభవమే. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, ఇంకో ఆసుపత్రికి వెళ్తే మళ్లీ మెషీన్‌లోకి వెళ్లక్కర్లేదు.

ఇక పాప. పరీక్షలయ్యేదాకా చెప్పనన్నారు. చెప్పకపోతే తనకి తెలియదని మీరు అనుకుంటున్నారు, కానీ మీ ఉత్తరంలోనే ఉంది, "ఈమధ్య అది రాత్రి లేచొచ్చి నా పక్కలో పడుకుంటోంది" అని. పదిహేడేళ్ల పిల్ల ఊరికే లేచి రాదు. చెప్పకుండా ఉంటే పరీక్షలు నిశ్చింతగా రాస్తుందేమో, లేకపోతే బావగారింట్లో ఎవరి నోటి నుంచో సగం మాట విని హాల్లో కూర్చుని దాని గురించే ఆలోచిస్తుందేమో. చెప్తే రెండు రోజులు ఏడుస్తుంది, ఆ తర్వాత ఏ రోజు ఏం జరుగుతుందో తనకి తెలిసి ఉంటుంది. చెప్పాలనుకుంటే సీటీ రిపోర్టు వచ్చాక చెప్పొచ్చు, అప్పుడు ఊపిరితిత్తుల సంగతి కూడా చేతిలో ఉంటుంది. మీకు ఏది కుదురుతుందో మీకే తెలుసు, నేను మాత్రం మీరు చెప్తేనే బాగుంటుందనుకుంటున్నాను.

సీటీలో ఏదైనా మచ్చ ఉందని వస్తే అని మీరు అడిగారు. ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలన్నీ పాకినవి కావు. మన దేశంలో పాత టీబీ మచ్చలు ఎంతమందికో ఉంటాయి, వాళ్లకే తెలియదు. అలాంటిది వస్తే కొన్నాళ్లాగి మళ్లీ సీటీ తీసి పోల్చి చూస్తారు, ఈలోపు గడ్డ తీయడం చాలాసార్లు ఆపరు. ఆపరేషన్ అయ్యాక కూడా చూపించుకుంటూ ఉండాలి, ఫిల్లోడిస్ తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే, అదే చోట వస్తుంది. ఆరు నెలలకోసారి వెళ్లడం అప్పుడే మొదలవుతుంది.

ఈ వారంలో రెండు పనులు చేయండి: సర్జన్‌కి ఆ రెండు ప్రశ్నలు, ల్యాబ్ నుంచి స్లైడ్లు. ఎమ్మారై తీయించుకుంటే రిపోర్టులో కండరం గురించి ఏం రాశారో ఆ ఒక్క వాక్యం ఎత్తి నాకు రాయండి, పేరు లేకపోయినా చేతిరాత గుర్తుపడతాను.